తాళం తీయడం నేర్పే బడి ఎక్కడ?

తోంగ్‌పాల్ పేరు మీరు విని ఉంటే వార్తల్లోనే విని ఉంటారు. బస్తర్‌లో జగ్దల్‌పూర్ నుంచి సుక్మా వెళ్లే జాతీయ రహదారి మీద, దర్భా దాటి ఘాటీ దిగాక వచ్చే ఊరు మాది. 2013 మేలో కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద మావోయిస్టులు దాడి చేసిన ఝీరం ఘాటీ మాకు ఎగువనే ఉంది. మరుసటి ఏడాది మార్చిలో మా స్టేషన్ పరిధిలోనే భద్రతా దళాల మీద ఇంకో దాడి జరిగింది. ఇవి అందరికీ తెలిసినవి. అంతగా తెలియనిది మా వాగుల్లోని తగరం. దేశంలో తగరం ఖనిజం తీస్తున్నది ఒక్క ఛత్తీస్‌గఢ్‌లోనే, అదీ మా సుక్మా, దంతేవాడ జిల్లాల్లోనే. వాగుల పక్క మట్టిని తవ్వి, నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన నల్లటి గింజల్ని అమ్ముకునే కుటుంబాలు మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. కంప్యూటర్ బోర్డు మీద చిప్పుల్ని అతికించే టంకంలో ఉండేది ఈ తగరమే. కంప్యూటర్లతో మా ఊరికి పుట్టుకతో వచ్చిన చుట్టరికం అంతవరకే.

మా నాన్న భద్రాచలం వైపు నుంచి కిరాణా వ్యాపారానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను ఛాయిస్ సెంటర్ నడుపుతున్నాను. తెలుగు రాష్ట్రాల్లో మీసేవ అంటారే, ఇక్కడ దాని పేరు అది. కుల ధ్రువీకరణ పత్రాలు, భూమి నకళ్లు, పింఛన్లు, వేలిముద్ర పెట్టి తీసుకునే బ్యాంకు డబ్బు, అన్నీ నా బల్ల మీద నుంచే నడుస్తాయి. ఇంట్లో తెలుగు, బల్ల దగ్గర హల్బీ, కాగితం మీద హిందీ, కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషు. ఈ నాలుగింటి మధ్య పెరిగిన మా అమ్మాయి జగ్దల్‌పూర్‌లో ఇంజనీరింగ్ పూర్తి చేసి ఒక రోజు అడిగింది: ‘‘నాన్నా, పెనెట్రేషన్ టెస్టింగ్ నేర్చుకుంటాను. కానీ చేత్తో చేయించే కోర్సు కావాలి. బొమ్మలు చూపించి పంపించేది వద్దు.’’

ఇందులో వింతేమీ లేదు. ఇంటి యజమానే ఒక మనిషిని పిలిచి, దొంగలా ఆలోచించి ఈ ఇంట్లోకి ఎన్ని దారుల్లో దూరవచ్చో చూసి చెప్పమనడం లాంటి పని ఇది. అమెరికా వైమానిక దళం 1970ల్లోనే తన కంప్యూటర్ల మీద ఇలాంటి పరీక్షలు చేయించుకుంది. మన దగ్గర బ్యాంకులు అప్పుడప్పుడూ ఈ పరీక్ష చేయించుకోవాలని రిజర్వు బ్యాంకు 2016లో ఇచ్చిన సైబర్ భద్రతా మార్గదర్శకాల్లో చెప్పింది. అంటే ఇది గౌరవంగా జీతం తెచ్చుకునే పనే. కానీ మా ఆవిడకు ‘హ్యాకింగ్’ అన్న ఒక్క మాటే వినిపించింది. ‘‘పోలీసు స్టేషన్, క్యాంపు, ఎటు చూసినా తుపాకులు. ఈ ఊళ్లో కూర్చుని మన పిల్ల హ్యాకింగ్ నేర్చుకుంటోందంటే ఎవరైనా ఏమనుకుంటారు?’’ అంది. కొట్టిపారేసే మాట కాదు. మా ప్రాంతంలో ఫోన్ ఎవరిది, సిమ్ ఎవరిది, ఎవరికి ఎవరు ఫోన్ చేశారు అన్నవి మామూలు ప్రశ్నలు కావు.

ఆమెకు నచ్చజెప్పడానికి నేను చెప్పిన కథలు రెండూ తెలుగు నేలవే. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని మహేష్ సహకార బ్యాంకు సర్వర్లలోకి ఎక్కడో కూర్చున్న నేరగాళ్లు చొరబడి రూ.12.48 కోట్లు వేర్వేరు ఖాతాల్లోకి మళ్లించుకుపోయారు. తలుపులు బద్దలు కొట్టింది లేదు. అంతకు రెండు నెలల ముందు బ్యాంకు ఉద్యోగులకు వచ్చిన ఈ-మెయిళ్లే దారి చూపించాయని పోలీసులు తేల్చారు. భద్రతా ఏర్పాట్లు సరిగా లేవంటూ రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకుకు రూ.65 లక్షల జరిమానా వేసింది. ముందే ఎవరినైనా పిలిచి పరీక్ష చేయించి ఉంటే అందులో ఎంత ఖర్చయ్యేది?

రెండోది మా బల్లకు ఇంకా దగ్గరి విషయం. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల వ్యాపారి ఒకడు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉన్న భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసుకుని, వాటితో రబ్బరు వేళ్లు తయారుచేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. నా దగ్గర వేలిముద్ర పెట్టి ఐదొందలు తీసుకుని వెళ్లే ముసలమ్మకు చదువు రాదు. ఆమె ఖాతాకు ఉన్న తాళం ఆమె బొటనవేలే. ఆ తాళాన్ని పరీక్షించి చూసే మనుషులు కావాలా, వద్దా? మా ఆవిడ సరేనని అనలేదు గానీ వద్దనడం మానేసింది.

ఇక బడి వెతకడం మొదలుపెట్టాం. జగ్దల్‌పూర్‌లో కంప్యూటర్ సంస్థలకు కొదవ లేదు. డీసీఏ, పీజీడీసీఏ, ట్యాలీ, హిందీ టైపింగ్. ప్రభుత్వ ఉద్యోగాల ప్రకటనల్లో ఏది అడుగుతారో అదే నేర్పుతారు. అందులో తప్పేమీ లేదు. సెక్యూరిటీ అని అడిగితే ఒకాయన యాంటీవైరస్ డబ్బా చూపించాడు. మా వాళ్లకు పెద్ద ఊరంటే రెండు దిక్కులు. జగ్దల్‌పూర్‌లో కిరండోల్ రైలు ఎక్కితే విశాఖపట్నం. మా ఊరి మీదుగానే వెళ్లే బస్సు ఎక్కితే కొంటా, భద్రాచలం, అక్కడి నుంచి హైదరాబాద్. మేం బస్సే ఎక్కాం.

అమీర్‌పేట గురించి తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. మైత్రీవనం దగ్గర నిలబడితే చాలు, కరపత్రాలే మన చేతుల్లోకి వచ్చి వాలతాయి. 2000 ప్రాంతంలో జావా, ఒరాకిల్ నేర్పిన గదుల్లోనే ఇప్పుడు క్లౌడ్, డేటా సైన్స్, ఎథికల్ హ్యాకింగ్ నేర్పుతున్నారు. ఆ సందుల్లో చదివి అమెరికా దాకా వెళ్లినవారు వేలల్లో ఉన్నారు కాబట్టి ఆ ప్రాంతాన్ని చిన్నచూపు చూడటం తేలిక, న్యాయం మాత్రం కాదు. మేం ఒకచోట డెమో క్లాసులో కూర్చున్నాం. సంస్థ పేరు ఎందుకులెండి. మాస్టారు మాటకారి. నల్ల టోపీ హ్యాకర్, తెల్ల టోపీ హ్యాకర్, బూడిదరంగు టోపీ హ్యాకర్ అంటూ గంటసేపు టోపీలు మార్చారు. నలభై మంది ఉన్న ఆ గదిలో కంప్యూటర్ ఒక్కటే ఉంది, అది మాస్టారిది. చివర్లో ఆయన తెర మీద ఏదో కమాండ్ కొట్టగానే ఆకుపచ్చ అక్షరాలు జలజలా జారాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు.

మా అమ్మాయి చెయ్యెత్తి అడిగింది. ల్యాబ్‌లో మాకు ఒక్కొక్కరికీ విడిగా మెషీన్ ఇస్తారా? మేం దాడి చేయాల్సిన మెషీన్లు ఎన్ని, అవి మారుతూ ఉంటాయా, లేక అందరికీ ఒకటేనా? కోర్సు అయ్యాక ల్యాబ్ ఎన్నాళ్లు తెరిచి ఉంటుంది? మేం రాసే రిపోర్టు ఎవరైనా దిద్దుతారా? మాస్టారు నవ్వి, ‘‘ముందు జాయిన్ అవ్వమ్మా, అన్నీ వస్తాయి’’ అన్నారు. బయటికి వచ్చాక కౌన్సెలర్ ఫీజు మూడోవంతు తగ్గించారు, నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని కూడా చెప్పారు. ఆ నాలుగు ప్రశ్నలకూ మాత్రం జవాబు రాలేదు. మెట్లు దిగుతుంటే మా అమ్మాయి అంది: ‘‘ఈత నేర్పే చోట నీళ్లు లేవు నాన్నా.’’

ఈ విద్యకు నీళ్లంటే ఏమిటో అప్పుడే అడిగి తెలుసుకున్నాను. దాడి చేసి చూడటానికి ఒక కంప్యూటర్ కావాలి. అందులో నిజమైన లోపాలు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, దాని మీద దాడి చేయడానికి మనకు హక్కు ఉండాలి. ఈ మూడోది లేకపోతే అది చదువు కాదు, నేరం. ఐటీ చట్టం, 2000 ప్రకారం యజమాని అనుమతి లేకుండా ఒకరి కంప్యూటర్‌లోకి వెళ్లడం 43వ సెక్షన్ కిందికి వస్తుంది. దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, రూ.5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. నేర్చుకుందామనే చేశాను, ఏమీ ఎత్తుకుపోలేదు అన్నా కేసు తప్పుతుందన్న హామీ లేదు. డెమోల్లో ఏదో కాలేజీ వెబ్‌సైట్ తెరిచి ‘ఇది ఎంత తేలికో చూడండి’ అనే మాస్టార్లు ఉంటారట. అలాంటి చోటు నుంచి వెంటనే లేచి వచ్చేయాలని నా సలహా. మనకు ఎవరిదో తలుపు తీసి చూపించినవాడు అనుమతి సంగతి మనకేం నేర్పుతాడు?

వైద్య విద్యార్థికి ఆస్పత్రి ఉన్నట్టు, లా విద్యార్థికి మూట్ కోర్టు ఉన్నట్టు, ఈ విద్యకు కావాలని లోపాలతో తయారుచేసిన కంప్యూటర్లు ఉన్నాయి. వీటిలో చాలావరకు ఉచితం. నాకు ఇది నిజంగా ఆశ్చర్యం కలిగించింది. రాపిడ్7 అనే సంస్థ విడుదల చేసిన మెటాస్ప్లాయిటబుల్ 2 అనేది పగలగొట్టడానికే పుట్టిన కంప్యూటర్. డౌన్‌లోడ్ 800 ఎంబీ పైచిలుకు. దాడి చేసేవైపు కాలీ లైనక్స్ ఉంటుంది. 2006 నుంచి బ్యాక్‌ట్రాక్ పేరుతో నడిచినదే 2013లో కాలీగా మారింది. అదీ ఉచితమే, మూడు నాలుగు జీబీలు. రెండింటినీ వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పెడితే, ఒకే ల్యాప్‌టాప్ లోపల రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి కుస్తీ పడతాయి. బయటి ప్రపంచంతో ఆ కుస్తీకి సంబంధం ఉండదు, ఉండకుండా చూసుకోవాలి. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉన్న మూడు రోజుల్లో పిన్ని వాళ్లింటి వై-ఫై మీద ఇవన్నీ పెన్‌డ్రైవ్‌లో నింపుకుంది. తోంగ్‌పాల్‌లో అయితే అదే పనికి ఎన్ని రాత్రులు పట్టేదో.

ఇంటికొచ్చాక నాలుగో రోజు రాత్రి నన్ను పిలిచి చూపించింది. ఆ పాత కంప్యూటర్‌లో ఫైళ్లు పంపించే ఒక ప్రోగ్రాం ఉంది, వీఎస్ఎఫ్‌టీపీడీ 2.3.4. 2011లో ఎవరో ఆ ప్రోగ్రాంను పంచిపెట్టే చోటే మార్చేసి అందులో దొంగ తలుపు పెట్టారు. లాగిన్ పేరు చివర నవ్వు ముఖం గుర్తు, అంటే కోలన్, దాని పక్కన బ్రాకెట్ కొడితే చాలు. పాస్‌వర్డ్ ఏదిచ్చినా పర్లేదు, 6200 నంబరు పోర్టు తెరుచుకుంటుంది. లోపలికి వెళ్లినవాడే యజమాని. మా అమ్మాయి ఆ నవ్వు ముఖం కొట్టింది. రెండో కిటికీలోంచి 6200కు కలిపింది. ‘నేనెవరు’ అని కంప్యూటర్‌ను అడిగే చిన్న కమాండ్ కొడితే ‘రూట్’ అని జవాబు వచ్చింది. ఆ కంప్యూటర్‌కు సర్వాధికారి అని అర్థం. చప్పట్లు కొట్టేవారు ఎవరూ లేరు. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి, ‘‘నవ్వితే తలుపు తీసేస్తుందా?’’ అని అడిగింది.

దీన్నే పుస్తకంలో ఒక పేరాలో చదవవచ్చు. చదివితే గుర్తుండేది ఒక కథ. చేస్తే తెలిసేది వేరు. మొదటిసారి ఆమెకు పోర్టు తెరుచుకోలేదు. రెండు వర్చువల్ కంప్యూటర్లూ వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉన్నాయి. అది కనిపెట్టడానికి ఒక సాయంత్రం పోయింది. ఆ సాయంత్రంలో ఐపీ అడ్రస్ అంటే ఏమిటో ఇంజనీరింగ్ నాలుగేళ్లలో అర్థం కానంతగా అర్థమైందట. చేయి తిరగడం అని మన పెద్దవాళ్లు అనేది దీన్నే అనుకుంటాను.

అలాగని తోంగ్‌పాల్‌లో కూర్చుని అంతా నేర్చుకోవచ్చని నేను చెప్పడం లేదు. ‘ఇంటర్‌నెట్ ఉంటే ఊరు ఏదైనా ఒకటే’ అనే మాట ఊళ్లో ఉండనివాళ్లు ఎక్కువగా అంటుంటారు. బస్తర్‌లో సుమారు 400 కిలోమీటర్ల ఫైబర్ వేసిన బస్తర్ నెట్ మొదటి దశను 2018 ఏప్రిల్‌లో ప్రారంభించారు. టవర్లు కూడా పెరిగాయి. మునుపటితో పోలిస్తే మేలే. కానీ వానాకాలంలో ఘాటీలో చెట్టు పడితే కరెంటు పోతుంది, కరెంటు పోయి కాసేపైతే టవరూ పోతుంది. ట్రైహ్యాక్‌మీ, హ్యాక్ ద బాక్స్ లాంటి ఆన్‌లైన్ ల్యాబులు మంచివే. కొంత ఉచితం, మిగతాదానికి నెల చందా. వాటిలో దాడి చేయాల్సిన కంప్యూటర్ ఎక్కడో దూరాన ఉంటుంది కాబట్టి, తెగి తెగి వచ్చే నెట్‌తో పని సగంలో ఆగిపోతుంది. మాలాంటి చోటికి సరిగ్గా సరిపోయింది మా అమ్మాయి కనిపెట్టిన ఓవర్‌దవైర్ వాళ్ల బాండిట్ అనే ఆట. ముప్పైకి పైగా మెట్లు. ఒక్కో మెట్టులో దాగిన పాస్‌వర్డ్ కనిపెడితే పై మెట్టుకు తలుపు తెరుచుకుంటుంది. బొమ్మల్లేవు, వీడియోల్లేవు, నల్ల తెర మీద అక్షరాలే. మా నెట్ ఎంత బక్కచిక్కినా అక్షరాలను మోయగలదు. పైసా ఖర్చు లేదు. వెబ్‌సైట్ల లోపాలు నేర్చుకోవడానికి పోర్ట్‌స్విగ్గర్ వాళ్ల అకాడమీ కూడా ఉచితమే. ఎన్‌పీటీఎల్‌లో ఖరగ్‌పూర్ ఐఐటీ ఆచార్యులు ఇంద్రనీల్ సేన్‌గుప్తా చెప్పిన ఎథికల్ హ్యాకింగ్ పాఠాలు పునాదికి బాగా పనికొచ్చాయి. అయితే అక్కడ చేసి చూపిస్తారు, చేయించరు. ఆ రెండోది ఇంట్లో చేసుకోవాలి.

సర్టిఫికెట్ల సంగతి ఎక్కువమంది అడుగుతారు కాబట్టి రెండు మాటలు. అమీర్‌పేట కరపత్రాల్లో ఎక్కువగా కనిపించేది ఈసీ-కౌన్సిల్ వారి సీఈహెచ్. నాలుగు గంటల్లో 125 ప్రశ్నలు, నాలుగేసి జవాబుల్లోంచి ఒకటి ఎంచుకోవాలి. ఉద్యోగ ప్రకటనల్లో దాని పేరు ఉంటుంది కాబట్టి విలువ లేదనను. కానీ ఒక తలుపూ తీయకుండానే ఆ పరీక్ష పాసుకావచ్చు. ఈ విమర్శ ఉన్నందువల్లే కాబోలు, చేసి చూపించే ఆరు గంటల పరీక్షను కూడా 2018లో ఆ సంస్థే విడిగా తెచ్చింది. మా అమ్మాయి కన్ను ఓఎస్‌సీపీ మీద ఉంది. అక్కడ ప్రశ్నాపత్రమే ఉండదు. కొన్ని కంప్యూటర్లు అప్పగిస్తారు, 23 గంటల 45 నిమిషాల్లో లోపలికి వెళ్లాలి, తరవాతి 24 గంటల్లో రిపోర్టు రాసి పంపాలి. కోర్సు, ల్యాబ్, పరీక్ష కలిపి 1,700 డాలర్ల పైమాటే. అంటే దాదాపు లక్షన్నర. ఆ మొత్తం మా ఇంట్లో ఉంది, కానీ పైకప్పు రేకులు తీసి శ్లాబ్ వేయించడానికని పక్కన పెట్టింది. పైగా పరీక్షంతా వెబ్ కెమెరా ముందు రాయాలి, ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు చూస్తూ ఉంటాడు. మధ్యలో కరెంటు పోయినా, నెట్ పోయినా పోయిన సమయాన్ని తిరిగి ఇవ్వరు. ఒక రాత్రి, ఒక పగలు ఆగని కరెంటు, ఆగని నెట్ కావాలంటే తోంగ్‌పాల్ పిల్ల ముందు ఇంకో ఊళ్లో గది వెతుక్కోవాలి. ఫీజు గురించి రాసేవాళ్లు ఈ ఖర్చు ఎవరూ రాయరు.

ఇంట్లో ఎంత సాధన చేసినా దొరకనిది ఇంకోటుంది. అది సావాసం. హైదరాబాద్‌లో నల్ అనే స్వచ్ఛంద బృందానికి శాఖ ఉంది. ఈ పని చేసేవాళ్లే సమావేశమై ఒకరికొకరు చెప్పుకుంటారు, ప్రవేశం ఉచితం. ఎవరి ల్యాప్‌టాప్ వారు తెచ్చుకుని రోజంతా చేసే వర్క్‌షాపుకు వాళ్లు పెట్టుకున్న పేరు హమ్లా. రక్షణ వైపు నేర్పే దాని పేరు బచావ్. హమ్లా అంటే హిందీలో దాడి. మా ఊరి పిల్ల బస్సులో ఫోన్ తీసి, ‘‘వచ్చే శనివారం హమ్లా ఉంది, నేను వెళ్తున్నాను’’ అని పైకి అంటే ఏమవుతుందో ఆ పేరు పెట్టినవాళ్లు ఆలోచించి ఉండరు. ఇంట్లో నవ్వుకున్నాం గానీ, ఫోన్‌లో ఆ మాట అనొద్దని మా ఆవిడ గట్టిగానే చెప్పింది.

సావాసానికి ఇంకో ముఖం ఉంది. హ్యాకింగ్ నేర్చుకుంటోందన్న మాట ఎలా పాకిందో, సెంటర్‌కు వచ్చేవాళ్లు అడగడం మొదలుపెట్టారు. ఒకాయనకు పెళ్లాం వాట్సాప్ చూడాలట. ఇంకొకాయనకు బోర్డు పరీక్షల్లో కొడుకు మార్కులు మార్చాలట. కాదంటే, ‘‘మరి ఏం నేర్చుకుంటోంది?’’ అన్నారు. ఆ ప్రశ్నకు మాటల్లో చెప్పే జవాబు ఎవరికీ నచ్చలేదు.

ఆ రోజుల్లోనే మా అమ్మాయి ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమంది. ఆమె నా సెంటర్‌ను పరీక్షించడానికి నేనిచ్చే అనుమతి పత్రం అది. ఈ పనిలో నిజమైన కంపెనీలు కూడా ఇలాంటి కాగితం లేకుండా కీబోర్డు ముట్టుకోవట. ఏవి పరీక్షించవచ్చు: దుకాణం వై-ఫై, నా రెండు కంప్యూటర్లు, కెమెరాల రికార్డర్. ఏవి ముట్టుకోకూడదు: ప్రభుత్వ పోర్టల్, బ్యాంకు ఇచ్చిన వేలిముద్ర యంత్రం, ఖాతాదారుల కాగితాలు, పక్క మందుల దుకాణం వై-ఫై. అవి నావి కావు కాబట్టి వాటి మీద అనుమతి ఇచ్చే హక్కు కూడా నాకు లేదు. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు: ఆదివారం షట్టర్ దించాక, సోమవారం ఉదయం ఏడు లోపు. ఏదైనా ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి: నాకే. చదివి, సంతకం పెట్టి, సెంటర్ స్టాంపు కూడా వేశాను. స్టాంపు అవసరం లేదంది గానీ, మా దగ్గర స్టాంపు లేని కాగితానికి విలువేముంది?

సోమవారం ఉదయం నాలుగు పేజీల రిపోర్టు నా బల్ల మీద ఉంది. కెమెరాలు బిగించిన మనిషి రికార్డర్‌కు కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డే ఉంచి వెళ్లాడు. నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లెవరైనా ఆ పాస్‌వర్డ్ కొట్టి, నా బల్ల ముందు ఎవరు కూర్చున్నారో, ఏ వేలు పెట్టారో చూడవచ్చు. ఎలా కనిపెట్టిందో, ఎంత ప్రమాదమో, ఎలా సరిచేయాలో వరసగా రాసింది. మూడు పేజీలు ఇంగ్లీషు. మొదటి పేజీ మాత్రం తెలుగులో, ఒక్క సాంకేతిక పదం లేకుండా, వాళ్ల నాయనమ్మ దగ్గర నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో ఉంది. యజమానికి అర్థం కాని రిపోర్టు రాస్తే పని జరగనట్టే అట, అందుకని. మా ఆవిడ ఆ పేజీ రెండుసార్లు చదివింది. ‘‘అయితే ఇది తాళాలు చూసి చెప్పే పని’’ అంది. అడిగినవాళ్లకు ఇప్పుడు ఆవిడే ఆ మాట చెబుతోంది, నాకంటే బాగా చెబుతోంది కూడా.

అందుకే కోర్సు వెతికేటప్పుడు ల్యాబ్ గురించి ఎంత అడగాలో ఈ రెండు కాగితాల గురించి కూడా అంతే అడగాలి. ఒకటి ముందు రాసే అనుమతి, రెండోది చివర రాసే రిపోర్టు. మధ్యలోని దాడి ఒక్కటే నేర్పే చోట సగమే నేర్పుతున్నారని లెక్క. నేను చూసిన కరపత్రాల్లో ఈ రెండింటి ఊసు ఒక్కదానిలోనూ లేదు.

చివరికి మేం సీడాక్ వైపు మొగ్గాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ. నెట్‌వర్క్, సిస్టమ్స్, సెక్యూరిటీ కలిపి నేర్పే దాని పీజీ డిప్లొమా ఆరు నెలలు, రోజంతా క్లాసులు, ల్యాబులు. దేశంలో వేర్వేరు కేంద్రాల్లో నడుస్తుంది. సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్షలో ర్యాంకు తెచ్చుకోవాలి. ఫీజు పన్నుతో కలిపి లక్ష రూపాయల పైచిలుకు, తిండీ బసా వేరు. ఓఎస్‌సీపీ కంటే మొత్తం మీద ఖర్చు ఎక్కువే అవుతుంది. అయినా ఎందుకంటే, ఆరు నెలలు పక్కన కూర్చుని అదే పని చేసేవాళ్లు ఉంటారు, చివర్లో ఉద్యోగాలిచ్చే కంపెనీలు వస్తాయి. ప్రభుత్వ సంస్థల ఆడిట్లకు సెర్ట్-ఇన్ గుర్తింపు పొందిన కంపెనీలు నూటయాభై దాటాయి. వాటిలో పని చేయడానికి తోంగ్‌పాల్‌లోంచి దరఖాస్తు పంపితే ఎవరు తెరిచి చూస్తారో నాకు అనుమానమే. పెట్టె విద్య ఇంట్లో నేర్చుకోవచ్చు. దానికి కూలి ఇచ్చేవాడి గుమ్మం దాకా మాత్రం మనిషే వెళ్లాలి. ఓఎస్‌సీపీ మొదటి ఏడాది జీతంతో తనే రాసుకుంటానంది.

శ్లాబ్ ఈ ఎండాకాలం కాదు, పై ఎండాకాలం వేయిస్తాం. సీ-క్యాట్ కోసం మా అమ్మాయి ఇప్పుడు కంప్యూటర్ పక్కన పెట్టి లెక్కలు చేసుకుంటోంది. చక్రవడ్డీలు, రైళ్లు ఎదురుపడటాలు. వీటికీ పెనెట్రేషన్ టెస్టింగ్‌కూ ఏమిటి సంబంధమని విసుక్కుంటూనే చేస్తోంది. కెమెరాలు బిగించిన అతనికి నేను ఫోన్ చేసి రిపోర్టులోని రెండో పేజీ చదివి వినిపించాను. జగ్దల్‌పూర్ నుంచి సుక్మా దాకా చాలా దుకాణాలకు తనే బిగించాడట. అన్నిటికీ అదే పాస్‌వర్డా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. వచ్చే వారం వచ్చి మా అమ్మాయితో మాట్లాడతానన్నాడు. ముందు ఆ దుకాణాల యజమానుల దగ్గర కాగితం రాయించుకుని రమ్మనమని ఆమె చెప్పింది.